ఓవరాల్ నంబర్ చూసి ఆగం కాకుండ్రి: డైమండ్ డైనస్టీల కార్డు లెక్క, లైనప్ లెక్క

మన హన్మకొండ, కాజీపేట దిక్కు కన్సోల్ ఉన్న పోరగాళ్లల్ల వందల తొంభై మంది ఫుట్‌బాల్ గేమో క్రికెట్ గేమో ఆడుతరు, బేస్‌బాల్ ఆడేటోళ్లు బహు తక్కువ, గని ఉన్నరు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ మీద చేసిన గేమ్ ఎమ్ఎల్‌బీ ది షో ఇంతకుముందు ప్లేస్టేషన్‌ల మాత్రమే ఉండె, 2021ల ఎక్స్‌బాక్స్‌కు కూడ వచ్చింది, గప్పటిసంది దాంట్ల ప్లేయర్ల కార్డులు జమ చేసి టీమ్ కట్టే మోడ్, డైమండ్ డైనస్టీ, ఆడేటోళ్లు జర పెరిగిన్రు. ఎవ్వడు కొత్తగ మొదలుపెట్టినా అడిగేది ఒక్కటే, "అన్నా నా టీమ్‌ల అందరు 90 పైనే ఉన్నరు, అయినా రన్నులు పడ్తలెవ్వు, ఎందుకు?" అని. ఎందుకంటే తమ్మీ, ఆ 90 నీ కోసం వేసిన నంబర్ కాదు.

ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి కొనేటాయన బస్తా మీది పేరు చూసి రేటు కట్టడు కదా, చెయ్యి లోపలికి పెట్టి నాలుగు కాయలు బయటికి తీసి, రంగు చూసి, విరిచి చూసి అప్పుడు చెప్తడు. కార్డు కూడ గంతే, ముందల ఉన్న ఓవరాల్, అంటె కార్డు మొత్తానికి కలిపి వేసిన నంబర్, బస్తా మీది పేరు, అసలు సంగతి కార్డు లోపల ఉంటది.

ముందుగాల్ల రంగులు తెల్వనోళ్లకు చెప్త. 65 కంటె కింద కామన్, 65 నుంచి 74 బ్రాంజ్, 75 నుంచి 79 సిల్వర్, 80 నుంచి 84 గోల్డ్, 85 నుంచి డైమండ్. ఓవరాల్ 99 దాక పోతది గని లోపలి యాట్రిబ్యూట్లు, అంటె ఒక్కో పనికి వేసిన నంబర్లు, మాత్రం 125 దాక పోతయి, గందుకే రెండు 99 కార్డులు పక్కపక్కన పెట్టినా ఒగటి బంగారం ఒగటి ఇత్తడి లెక్క ఆడొచ్చు. ఓవరాల్‌ల ఫీల్డింగ్ కలుస్తది, పొజిషన్ లెక్క కలుస్తది, మనం బ్యాటుతోని ఊపేటప్పుడు పనికిరానియి కూడ కలుస్తయి. ఫీల్డింగ్‌తోనే 92 అయినోన్ని పట్కపోయి డీహెచ్‌ల (ఫీల్డింగ్ లేకుండ ఉత్త బ్యాటింగే చేసే జాగల) కూసోబెట్టి "కొడ్తలేడు" అంటె ఏం కొడ్తడు మరి.

కొట్టేటోని కార్డుల చూడాల్సినయి ఏందంటె, కాంటాక్ట్ రెండు ఉంటయి, కుడిచేతి పిచ్చర్ (బాల్ వేసేటోడు) మీద ఒగటి, ఎడమచేతి పిచ్చర్ మీద ఒగటి, పవర్ కూడ అట్లనే రెండు. జోన్ హిట్టింగ్‌తోని ఆడితె బాల్‌కు గురి పెట్టనీకె స్క్రీన్ మీద మనం జరిపే గుర్తు పీసీఐ, దాని లోపలి భాగం కాంటాక్ట్‌ను బట్టి పెద్దగయితది, బయటి భాగం విజన్‌ను బట్టి. పవర్ అంటె బ్యాటుకు తాకినంక బాల్ ఎంత స్పీడ్‌ల పోతదనేది. క్లచ్ అనేది రెండో బేస్ మీదనో మూడో బేస్ మీదనో మనోడు ఉన్నప్పుడు పనికొస్తది, అంటె రన్ పడే టైమ్‌ల, గందుకే మూడు నాలుగు నంబర్ల ఆడేటోళ్లకు క్లచ్ చూడకుండ తీసుకోవద్దు. డిసిప్లిన్ చెక్ స్వింగ్ (ఊపబోయి నడుమల ఆగుడు) కాడ తప్ప మనకు పెద్దగ అక్కరకు రాదు. బంట్, అంటె ఊపకుండ బ్యాట్ అడ్డంబెట్టి మెల్లగ తాకించుడు, దాని సంగతి ఇడిసిపెట్టుండ్రి, బంట్ ఆడి గెలిచేటోనితోని నాకు మాటలు లెవ్వు.

ఇగ అసలు లెక్క. మేజర్ లీగ్‌ల పిచ్చర్లల్ల కుడిచేతోళ్లే ఎక్కువ, కంప్యూటర్ మీద ఆడితె మీ ముందటికి వచ్చేటోళ్లల్ల కూడ గట్లనే ఉంటది. కాబట్టి కుడి మీది నంబర్‌కు 70 పైసలు, ఎడమ మీది నంబర్‌కు 30 పైసలు విలువ కట్టుండ్రి. రెండు కార్డులు అనుకుందాం. మొదటోనికి కుడి మీద కాంటాక్ట్ 100, ఎడమ మీద 70, పవర్ కుడి మీద 98, ఎడమ మీద 64. రెండోనికి కుడి మీద కాంటాక్ట్ 80, ఎడమ మీద 108, పవర్ కుడి మీద 78, ఎడమ మీద 112. ఉత్తగ కూడి సగటు తీస్తె మొదటోనికి 83, రెండోనికి 94న్నర వస్తది, చూసినోడెవ్వడైనా రెండోన్నే తీసుకుంటడు. ఇప్పుడు 70, 30 పెట్టి చూడుండ్రి. మొదటోని కాంటాక్ట్ 91, పవర్ 87.8, సగటు 89.4. రెండోని కాంటాక్ట్ 88.4, పవర్ 88.2, సగటు 88.3. పదకొండున్నర ఎనకవడ్డోడు ఒక పాయింట్ ముందటికి వచ్చిండు. రెండోడు పనికిరాడని కాదు, వాడు బెంచ్ మీద బంగారం, ఎడమచేతి రిలీవర్ (ఆట నడుమల మార్చి దించే పిచ్చర్) దిగంగనె వాన్ని దించాలె. రోజు తొమ్మిది మందిల ఆడేటోడు మాత్రం మొదటోడే. మార్కెట్‌ల కూడ మొదటోని లాంటి కార్డు చాన సార్లు అగ్గువకే దొరుకుతది, ఎందుకంటె అందరు ఓవరాల్ చూసి కొంటరు.

ఆన్‌లైన్‌ల వేరే మనుషుల మీద ర్యాంక్‌డ్ ఆడేటోళ్లు మాత్రం 70ని జర తగ్గించుకోవాలె. అవతలోడు కావాల్నని రాండీ జాన్సన్ లాంటోన్ని దించుతడు, 6 అడుగుల 10 అంగుళాల మనిషి, ఎడమ చేతితోని పక్కకెల్లి వేస్తె మన ఎడమచేతి బ్యాటర్‌కు బాల్ ఈపు ఎనకకెల్లి వచ్చినట్టు కొడ్తది. ఆన్‌లైన్‌కు నేనైతె 60, 40 పెడ్త.

డిఫికల్టీని బట్టి కూడ విలువ మారుతది, ఇది చానమంది పట్టించుకోరు. వెటరన్, ఆల్ స్టార్‌ల పీసీఐ మంచిగ పెద్దగుంటది, బాల్ ఎట్లయినా తాకుతది, అక్కడ పవర్ ఎక్కువ ఉన్నోడే రాజు. హాల్ ఆఫ్ ఫేమ్, లెజెండ్ అనే కష్టం లెవెల్ల దాక పోతె పీసీఐ చిన్నగయితది, అక్కడ పవర్ 115 ఉండి కాంటాక్ట్ 65 ఉన్నోడు ఉత్త గాలిల ఊపుతడు. అక్కడ కాంటాక్ట్, విజన్ చూడాలె. టోనీ గ్విన్, ఇచిరో అసొంటోళ్ల కార్డులను కింది లెవెల్‌ల ఎవ్వడు పట్టించుకోడు, పైకి పోయినంక వాళ్ల ఇలువ తెలుస్తది. టోనీ గ్విన్ కెరీర్ మొత్తం బ్యాటింగ్ సగటు .338, ఇచిరో 2004ల ఒక్క సీజన్‌ల 262 హిట్లు కొట్టిండు, ఇయ్యాల్టికి గదే రికార్డు.

ఇంకో ముచ్చట, ఏ లెక్కకు అందనిది, స్వింగ్. ఒక్కో ప్లేయర్ నిలవడే తీరు, బ్యాట్ తిప్పే తీరు వేరే వేరే, కొంతమంది స్వింగ్ మన చేతికి అట్ల కుదురుతది, కొంతమందిది ఎంత ఆడినా టైమింగ్ దొరకది. కెన్ గ్రిఫీ జూనియర్ స్వింగ్ చానమందికి కుదురుతదని అంటరు, నాకు కూడ కుదురుతది, మీకు కుదరకపోతె ఊకె పేరు చూసి పెట్టుకోవద్దు. కార్డు కొనేముందు ఏదన్న మోడ్‌ల అప్పిచ్చే కార్డో, అదే ప్లేయర్ చిన్న కార్డో ఉంటె దాన్ని ప్రాక్టీస్‌ల ఊపి చూడుండ్రి, ఒక్కో ప్లేయర్ కార్డులు ఎన్ని ఉన్నా స్వింగ్ మాత్రం చాన వరకు గదే ఉంటది, బ్రాంజ్ కార్డుతోనే తెలిసిపోతది.

ఫీల్డింగ్‌కు వస్తె, అన్ని పొజిషన్లకు ఒకే లెక్క కాదు. నడిమిట్ల ఉన్న లైన్, అంటె క్యాచర్, షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డ్, ఈ మూడు కాడ కక్కుర్తి పడొద్దు. ఈ మూడింటికి నేను బ్యాటింగ్‌కు 70, ఫీల్డింగ్‌కు 30 ఇస్త. సెకండ్ బేస్, థర్డ్ బేస్, రైట్ ఫీల్డ్‌కు 80, 20. ఫస్ట్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్‌కు 95, 5. డీహెచ్‌కు ఫీల్డింగ్ సున్న. ఇది నేను పెట్టుకున్న లెక్క, గేమ్‌ల రాసి ఉండది, మీకు నచ్చినట్టు మార్చుకోండ్రి. ఒక ఉదాహరణ, బ్యాటింగ్ లెక్క 92, ఫీల్డింగ్ 60 ఉన్నోడు ఒగడు, బ్యాటింగ్ 84, ఫీల్డింగ్ 90 ఉన్నోడు ఇంకొగడు. షార్ట్‌స్టాప్ కాడ మొదటోనికి 82.4, రెండోనికి 85.8. అదే ఇద్దరిని ఫస్ట్ బేస్ కాడ పెడితె మొదటోనికి 90.4, రెండోనికి 84.3. మనిషి అదే, కార్డు అదే, నిలవెట్టే జాగ మారితె ఇలువ మారిపోయింది. రైట్ ఫీల్డ్‌ల, థర్డ్ బేస్‌ల ఆర్మ్ స్ట్రెంత్ చూడుండ్రి, సెంటర్ ఫీల్డ్‌ల స్పీడ్, రియాక్షన్ చూడుండ్రి, క్యాచర్‌కు బ్లాకింగ్, ఆర్మ్ రెండు కావాలె, లేకుంటె అవతలోడు మొదటి బేస్ కెల్లి రెండో బేస్‌కు ఉరుక్కుంట పోతనే ఉంటడు. కార్డు మీద లేని పొజిషన్‌ల మనిషిని పెడితె ఫీల్డింగ్ ఢమాల్‌మంటది, స్క్వాడ్ సేవ్ చేసేముందు ఆ ఒక్కటి తప్పకుండ చూసుకోండ్రి, ఆటోఫిల్ కొట్టి వదిలేస్తె ఒక్కోసారి గమ్మతి గమ్మతి పనులు చేస్తది.

ఇగ లైనప్ వరుస. క్రికెట్ అలవాటున్న మనోళ్లు ఓపెనర్ అంటె ఆగి ఆగి ఆడేటోడు అనుకుంటరు, ఇక్కడ ఆగుడు గీగుడు లేదు. ముందు మీరు ఆడేది ఎన్ని ఇన్నింగ్స్ ఆటనో చూసుకోండ్రి, మొత్తం లెక్క గండ్లనే ఉంది. కంప్యూటర్ మీద ఆడే కాంక్వెస్ట్, మినీ సీజన్స్ మోడ్‌లు మూడు ఇన్నింగ్సే. మూడు ఇన్నింగ్స్‌ల మీకు దొరికేది తొమ్మిది ఔట్లు. నలుగురు బేస్ మీదికి పోయిన్రు అనుకుంటె మొత్తం పదముగ్గురు బ్యాటింగ్‌కు వచ్చినట్టు, అంటె 1 నుంచి 4 దాక ఉన్నోళ్లు రెండుసార్లు, 5 నుంచి 9 దాక ఉన్నోళ్లు ఒక్కసారి. గందుకే మూడు ఇన్నింగ్స్ ఆటల "నాలుగో నంబర్ పెద్ద హిట్టర్‌ది, మొదటి నంబర్ ఉరికేటోనిది" అనే పాత పద్ధతి పక్కకు పెట్టి, లెక్కల ఎక్కువ వచ్చిన నలుగురిని సీదా మీద పెట్టాలె. అందరికంటె మంచోన్ని మొదట్లనే పెట్టినా తప్పు లేదు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటల 27 ఔట్లు, తొమ్మిది మంది బేస్ మీదికి పోతె మొత్తం 36, అంటె అందరికి నాలుగేసి సార్లు సరిసమానం వస్తది, అక్కడ వరుస తేడా అంత పెద్దగ కొట్టది.

తొమ్మిది ఇన్నింగ్స్‌కు నేను పెట్టేది ఇట్ల ఉంటది. 1ల కాంటాక్ట్, స్పీడ్ ఉన్నోడు, రికీ హెండర్సన్ అసొంటోడు దొరికితె ఇంక అడిగేదే లేదు, ఆయన కెరీర్‌ల 1,406 బేస్‌లు దొంగిలించిండు (స్టీల్ అంటరు, మనోడు బాల్ కొట్టకముందే ముందటి బేస్‌కు ఉరుకుడు). 2ల టీమ్‌ల అందరికంటె మంచి బ్యాటర్. 3, 4ల పవర్, క్లచ్. 5 నుంచి 8 దాక ఫీల్డింగ్ కోసం తెచ్చుకున్నోళ్లు సర్దుకుంటరు. 9ల మళ్ల ఒక ఉరికేటోడు, ఎందుకంటె తొమ్మిదోడు బేస్ మీద ఉన్నప్పుడు మీదోళ్లు బ్యాటింగ్‌కు వస్తరు. 2022 నుంచి మేజర్ లీగ్ లోపలి రెండు లీగ్‌లల్ల డీహెచ్ ఉంది కాబట్టి పిచ్చర్‌ను తొమ్మిదిల పెట్టే బాధ లేదు. ఒహ్తాని సంగతి వేరే, పిచ్చింగ్, బ్యాటింగ్ రెండు చేసేటోడు, ఆయన కుడి చేతితోని పిచ్చింగ్ వేస్తడు, ఎడమ చేతితోని బ్యాటింగ్ చేస్తడు, 2024ల 54 హోమ్ రన్లు, 59 స్టీల్స్, 50-50 కొట్టిన మొదటి మనిషి, ఆయన కార్డు దొరికితె 1లనో 2లనో పెట్టి మర్చిపోండ్రి.

ఎడమ, కుడి కలిపి పెట్టాలె. ముగ్గురు ఎడమచేతోళ్లు వరుసగ ఉంటె అవతలోడు ఒక్క ఎడమచేతి రిలీవర్‌ను దించి ముగ్గురిని మడతపెడ్తడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ అట్ల పోవాలె, నడుమల లిండోర్, హోసే రామిరెజ్, మికీ మాంటిల్, చిప్పర్ జోన్స్ అసొంటి స్విచ్ హిట్టర్లు ఉంటె ఇంక మంచిది, వాళ్లు రెండు దిక్కుల కెల్లి కొడ్తరు కాబట్టి అవతలోనికి పిచ్చర్‌ను మార్చి లాభం ఉండది. బెంచ్‌ల ఉత్తగ మిగిలినోళ్లను నింపుకోవద్దు, ఎడమచేతి పిచ్చర్‌ను చీరేటోడు ఒగడు, కుడిచేతి పిచ్చర్‌ను చీరేటోడు ఒగడు, ఆఖరి ఇన్నింగ్స్‌ల ఉరకనీకె 95 పైన స్పీడ్ ఉన్నోడు ఒగడు. వాని ఓవరాల్ 70 ఉన్నా నాకేం బాధ లేదు, వాని పని రెండో బేస్ కెల్లి హోమ్ ప్లేట్‌కు ఉరికి రన్ తెచ్చుడు, గంతే.

పిచ్చర్ల కాడ ఓవరాల్ ఇంకా ఎక్కువ మోసం చేస్తది. హిట్స్ పర్ 9 (తొమ్మిది ఇన్నింగ్స్ లెక్క పెట్టిన నంబర్) ఎక్కువుంటె అవతలోని పీసీఐ లోపలి భాగం చిన్నగయితది, స్ట్రైకౌట్స్ పర్ 9 ఎక్కువుంటె బయటి భాగం, హోమ్ రన్ పర్ 9 ఎక్కువుంటె బాల్ తక్కువ స్పీడ్‌ల పోతది. ఇవన్ని సరే గని మనిషి మీద ఆడేటప్పుడు నేను ముందు చూసేది వాని దగ్గర ఏం బాల్స్ ఉన్నయనేది. సింకర్, కట్టర్ అనే రెండు రకాల స్పీడ్ బాల్స్ ఉన్నోడు నా లెక్కల ఓవరాల్‌ల నాలుగు పాయింట్లు ఎక్కువున్నట్టే, ఎందుకంటె రెండు దాదాపు ఒకే స్పీడ్‌ల వస్తయి, ఒగటి లోపలికి పోతది ఒగటి బయటికి పోతది, బ్యాటర్‌కు చెయ్యి ఇడిసేటప్పుడు ఏదో తెల్వది. స్పీడ్ తేడా కూడ చూడుండ్రి, 98 మైళ్ల ఫాస్ట్‌బాల్ వేసేటోని చేంజప్ (మోసం చేయనీకె వేసే మెల్లగ బాల్) 94 ఉంటె ఏం లాభం, 86ల ఉంటె అప్పుడు అవతలోడు ముందే ఊపి కూసుంటడు. ఔట్‌లయర్ అనే క్విర్క్ (కార్డుకు ఉండే ప్రత్యేక గుణం) ఉన్నోని ఫాస్ట్‌బాల్ మామూలుగ ఉండే స్పీడ్ హద్దు దాటి పోతది, ఆన్‌లైన్‌ల దాని కోసం జనం ఎగవడ్తరు. అన్నిటికంటె ఖతర్నాక్ ఏందంటె 100 మైళ్లోని ఎనక టైలర్ రోజర్స్ అసొంటి కింది కెల్లి మెల్లగ వేసేటోన్ని దించుడు, అవతలోని టైమింగ్ మొత్తం ఖరాబైతది. మూడు ఇన్నింగ్స్ ఆటలకు స్టామినా చూసుడు దండుగ, ఆ పాయింట్ల కోసం పైసలు ఎక్కువ పెట్టొద్దు.

ప్యారలల్ సంగతి మర్చిపోవద్దు. ఒక కార్డుతోని ఆడుకుంట పోతె పీ1 నుంచి పీ5 దాక లెవెల్ పెరుగుతది, లెవెల్‌కు ఒక పాయింట్ లెక్క అన్ని యాట్రిబ్యూట్లు పెరుగుతయి. అంటె మీ చేతుల పీ5 అయిన 91 కార్డు, కొత్తగ వచ్చిన 94 కార్డు కంటె మంచిగ ఆడొచ్చు, లెక్క వేసేటప్పుడు ఆ అయిదు పాయింట్లు కలుపుకోండ్రి. కెప్టెన్ కార్డు బూస్ట్, అంటె కెప్టెన్‌తోని కుదిరే ప్లేయర్ల నంబర్లు పెరుగుడు, కూడ అట్లనే కలుపుకోవాలె, గని బూస్ట్ కోసమని ఆ టీమ్ చెత్త మొత్తం నింపుకుంటె మీదికెల్లి వచ్చింది కింది కెల్లి పోతది.

స్టేడియం కూడ టీమ్‌ల భాగమే. కూర్స్ ఫీల్డ్ సముద్రం కంటె మైలు ఎత్తుల ఉంది, అక్కడ గాలి పల్చన, బాల్ దూరం పోతది, పవర్ టీమ్ ఉంటె గదే పెట్టుకోండ్రి. యాంకీ స్టేడియంల రైట్ ఫీల్డ్ మూల 314 అడుగులే, ఎడమచేతి హిట్టర్లు ఎక్కువుంటె అది. ఫెన్‌వేల లెఫ్ట్ ఫీల్డ్ 310 అడుగులే గని 37 అడుగుల గోడ ఉంటది, కుడిచేతోళ్లు కొట్టింది హోమ్ రన్ కాకున్నా గోడకు తాకి రెండు బేస్‌లు ఇస్తది. పిచ్చింగ్‌ను నమ్ముకున్నోళ్లు పెట్కో పార్క్ చూసుకోండ్రి.

స్టబ్స్, అంటె గేమ్‌ల నడిచే పైసలు, నిజం పైసలు పెట్టి కొనుక్కోవద్దు, ఫోన్‌పేల ఉన్న పైసలు ఇంట్లకు కూరగాయలకు పెట్టుండ్రి. గేమ్ మార్కెట్‌ల "బై నౌ" కొట్టకుండ మన రేటు రాసి బై ఆర్డర్ పెట్టి ఆగాలె, అమ్మేటప్పుడు సెల్ ఆర్డర్ పెట్టి ఆగాలె. అమ్మిన ధరల 10 శాతం ట్యాక్స్ కోస్తరు, అంటె 4,000కు కొని 5,000కు అమ్మితె మిగిలేది 1,000 కాదు 500, ఆ తేడా చూడకుండ చేసేటోళ్లే నష్టపోతరు. లైవ్ సిరీస్ కార్డులు నిజం సీజన్ ఆటను బట్టి మారుతయి కాబట్టి 84 గోల్డ్ ఉన్నోడు మంచి ఫామ్‌ల ఉంటె అప్‌డేట్‌కు ముందే నాలుగు కార్డులు పట్టుకోండ్రి, 85 అయి డైమండ్ కాంగనె అమ్ముండ్రి, ఆశకు పోయి పట్టుకొని కూసోవద్దు.

ఆఖరుకు మనకాడి బాధ ఒగటి. ఇక్కడికెల్లి అమెరికా పిల్లలతోని ఆడితె పింగ్ (నెట్ ఆలస్యం) మస్తుంటది, బాల్ వచ్చినంక ఊపితె అప్పటికే లేటు. అట్లాంటప్పుడు మీ టైమింగ్ అలవాటు కొద్దిగ ముందుకు జరపాలె, కార్డులల్ల పవర్ నాలుగు తగ్గినా విజన్, కాంటాక్ట్ ఎక్కువున్నోళ్లను పెట్టాలె, వైఫై ఇడిసిపెట్టి ల్యాన్ వైర్ గుంజాలె. ఎండకాలం సాయంత్రం కరెంట్ పోయే టైమ్‌ల ర్యాంక్‌డ్ ఆట మొదలుపెట్టకుండ్రి, నడుమల బందయితె ఓడినట్టే లెక్క కడ్తరు. ఇన్వర్టర్ ఉన్నోళ్లు రౌటర్‌ను, టీవీని, కన్సోల్‌ను మూడింటిని దాని మీదనే పెట్టుకోండ్రి, చానమంది రౌటర్ మర్చిపోతరు. ఇన్వర్టర్ లేనోళ్లు ఆ టైమ్‌ల మినీ సీజన్స్ ఆడుకోండ్రి, ప్యారలల్ అయినా పెరుగుతది.